నరసమ్మ చేలో గాలిమోటరు

పోయిన వారం మనం యూసుఫ్‌ను ఆకాశంలో వదిలేసి వచ్చాం. పాపం, వారం రోజులుగా అక్కడే ఉన్నాడు. ఒళ్లో ఒక గంప, కాళ్ల దగ్గర రెండు గంపలు, మూడింటి నిండా చామంతిపూలు. ఎదురుగా ముందు సీటులో పైలట్ దేవరాజు వీపు. కింద నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే రోడ్డు, ఎడమచేతి వైపు నల్లమల. అంతా సవ్యంగా సాగుతోందని అనుకునేలోపల ఇంజను రెండుసార్లు దగ్గి, ఒకసారి తుమ్మి, నోరు మూసుకుంది. అక్కడ ఆపాం.

కొత్తగా చదువుతున్నవారి కోసం నాలుగు మాటలు. విమానం నంద్యాల నూనెమిల్లు పుల్లయ్య శెట్టిది. బెంగుళూరులో ఎవరో వదిలించుకుంటుంటే తెచ్చుకున్నాడు. నిరుడు మిల్లులో నిప్పు పుట్టి, గిడ్డంగి గోడ దాకా వచ్చి దానంతట అదే ఆరిపోతే, శెట్టి అహోబిలం నరసింహస్వామికి మొక్కుకున్నాడు. పారువేటకు ఆళ్లగడ్డ వచ్చినప్పుడు నీ పల్లకి మీద ఆకాశం నుంచి పూలు పోయిస్తాను స్వామీ అని. తన పెళ్లికి రమ్మని పిలవడానికి స్వామి ఏటా పల్లకిలో ఊరూరా తిరుగుతాడు గదా, ఆ పారువేట తిరుగుడులో ఈ రోజు ఆళ్లగడ్డ వంతు. సాయంత్రం అయిదింటికి పల్లకి లేచి పక్క ఊరి దారి పడుతుంది. ఆలోపల పూలు పడాలి. పడతాయని శెట్టి చుట్టుపక్కల పల్లెలన్నిటా దండోరా వేయించి కూర్చున్నాడు.

ఇక యూసుఫ్. బావుల మీద పంపు ఇంజన్లు బాగుచేసే మేస్త్రీ. ఇంజను మీద చెవి పెట్టి దాని జబ్బు చెప్పగలడని బండి ఆత్మకూరు దాకా పేరున్నవాడు. ఈ రోజు పని సరిగ్గా జరిగితే ఇతన్ని ఆరు నెలలు బెంగుళూరు పంపి విమానం పని నేర్పించమని శెట్టికి చెబుతానని దేవరాజు మాట ఇచ్చాడు. ఆ మాట విన్నప్పటి నుంచి యూసుఫ్ కాళ్లు నేలమీద ఆనడం లేదు. "నేల మీద ఇంజన్లు అయిపోయినాయా, ఆకాశంలో ఇంజన్లకు పోతాండావు" అని భార్య రహమత్‌బీ ఎత్తిపొడిచింది గాని, కొత్త చొక్కాకు ఇస్త్రీ చేయించింది కూడా ఆమే.

ఇప్పుడు ఆ ఇస్త్రీ చొక్కా చెమటకు ముద్దయి వీపుకు అంటుకుపోయింది.

ఇంజను ఆగితే విమానం బండరాయిలా పడిపోతుందనుకున్నాడు యూసుఫ్. పడలేదు. పంకా ఆగిపోయింది, రెక్కల మీద గాలి ఈలవేస్తోంది, అంతే. ఆ ఈల ఎంత దూరం నుంచైనా వినబుద్ధి కాని ఈల. ఇంజను ఆగడానికి కాస్త ముందే ఎడమ ట్యాంకుకు తిప్పిన పిడిని దేవరాజు మళ్లీ కుడి ట్యాంకుకు మార్చాడు. ఇంజను ఒక్కసారి ఊపిరి తీసుకున్నట్టు చేసి మళ్లీ చచ్చిపోయింది.

"యూసుఫ్, గట్టిగా పట్టుకో. దిగుతాండాం."

"యాడికి సార్?"

"యాడికైతే ఏంది. కిందికే."

పట్టుకోవడానికి యూసుఫ్‌కు దొరికింది ఒళ్లోని పూలగంప. దాన్నే కావలించుకున్నాడు. చిన్నప్పుడు మౌల్వీ నేర్పిన దువాలన్నీ గబగబా చదివేశాడు. నేల ఇంకా రాలేదు. మిగిలిన కాస్త టైములో, ఎందుకైనా మంచిదని, "స్వామీ, ఈ పూలు నీవి. నీ పూలైనా నువ్వు కాపాడుకో" అని ఇంకొక మాట కూడా అనుకున్నాడు.

నల్లరేగడి నేలలు ఎదురొచ్చాయి. జొన్నచేను ఒకటి, దానికి ఆనుకుని కాయపట్టిన శెనగచేను. జొన్న కంకులను చక్రాలు ముట్టుకున్నాయి. తర్వాత శెనగచేలో విమానం ఒక గెంతు గెంతి, కూర్చుని, ఇంకొక గెంతు గెంతి, చేను ఈ కొస నుంచి ఆ కొసకు రెండు దారులు గీసుకుంటూ పోయి, గట్టు మీది ముళ్లకంపను తోకతో రాసుకుని నిలబడింది. ఒక గంప బోర్లాపడింది. యూసుఫ్ నెత్తిన, చెవుల్లో, చొక్కా లోపల చామంతులే. పెళ్లికొడుకుకు కూడా అన్ని పూలు పడి ఉండవు.

"బతికినామా సార్?" అన్నాడు.

"నువ్వు మాట్లాడతాండావు గదా" అన్నాడు దేవరాజు, చేతిరుమాలుతో ముక్కు చీదుకుంటూ. నాలుగు రోజుల నుంచి అతనికి ఊపిరాడని జలుబు.

దేవరాజు నందికొట్కూరు వాడే. యుద్ధంలో అస్సాంలో అమెరికా సైన్యం విమానాల దగ్గర నాలుగేళ్లు పనిచేశాడు, ఎగరడమూ అక్కడే నేర్చాడు. యుద్ధం ముగిసి పన్నెండేళ్లు దాటినా, బూట్లు ఈడుస్తూ నడిచే నడకా, నోట్లో నమిలే జిగురు మిఠాయీ, కొన్ని మాటలూ అతన్ని వదల్లేదు. మనిషి మాత్రం మంచివాడు. దిగీదిగగానే ముందు యూసుఫ్ చేతులూ కాళ్లూ తడిమి చూసి, ఆ తర్వాతే ఇంజను మూత ఎత్తాడు.

"పెట్రోలు రావడంల్యా, యాడో అడ్డం పడినట్టుంది. ఆ గొట్టం ఇప్పు సూడు" అన్నాడు.

యూసుఫ్ గొట్టం మర వదులు చేశాడు. అరచేతిలో నాలుగు చుక్కలు పడ్డాయి. అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

ఆ వాసన అతనికి తెలియనిది కాదు. పదిహేనేళ్లుగా తన చొక్కాకు, చాపకు, రహమత్‌బీ తిట్లకు అంటుకుని ఉన్న వాసన. లాంతరు వాసన. గ్యాస్ నూనె.

అరచెయ్యి అలాగే ముక్కు దగ్గర ఉండిపోయింది. ఉదయం జరిగినదంతా కళ్లముందు తిరిగింది. నంద్యాల బయట బీడులో విమానం నిలబడి ఉంది. దేవరాజు ఒక చేత్తో దోసె తింటూ, ఇంకో చేత్తో మ్యాపు చూస్తూ, "కుడి ట్యాంకులో ఆళ్లగడ్డ దాకా వచ్చేంత ఉందిలే. ఎడమ దాంట్లో గ్యాస్ పోయించు యూసుఫ్, రెండు డబ్బాలు" అన్నాడు. యూసుఫ్ కుడి ట్యాంకు మూత తీసి చూశాడు. పెట్రోలు. ఎడమదాంట్లో గ్యాసు పోయమంటున్నాడు. ఇందులో తెలియనిదేముంది? బావి మీద పంపు ఇంజనుకు తాను రోజూ చేసే పనే. చిటికెడు పెట్రోలుతో ఇంజనును లేపి, వేడెక్కాక గ్యాస్ నూనెకు తిప్పేస్తారు. ఆకాశంలో తిరిగేదైనా ఇంజను ఇంజనే గదా అని మురిసిపోయి, బజారుకు తానే సైకిలు తొక్కుకుంటూ పోయి, గట్టి సరుకు ఏరి, రెండు డబ్బాల గ్యాస్ నూనె తెచ్చి, గుడ్డతో వడగట్టి మరీ పోశాడు.

ఆ వడగట్టడం గుర్తొచ్చేసరికి అతనికి ఏడుపొచ్చింది.

"ఏం వాసన?" అన్నాడు దేవరాజు. "నా ముక్కు పనిచేయడంల్యా."

"ఇంజను వాసనే సార్" అన్నాడు యూసుఫ్.

నోటినుంచి మాట జారిపోయింది. అబద్ధం కాదు, నిజమూ కాదు. బెంగుళూరు మాత్రం ఆ నాలుగు చుక్కలతో పాటు వేళ్ల సందుల్లోంచి కారిపోతున్నట్టు అనిపించి అరచేతిని చొక్కాకు తుడుచుకున్నాడు.

సరిగ్గా అప్పుడే జొన్నచేలోంచి ఒక ముసలామె ఊడిపడింది. డెబ్బై ఏళ్లుంటాయి. జొన్న దంటు లాంటి మనిషి, గోచీ పోసిన చీర, చేతిలో గువ్వల మీదికి రాళ్లు విసిరే ఒడిసెల. ఈ రెండు చేలూ ఆమెవే. పేరు నరసమ్మ. ఊరు ఊరంతా బండ్లు కట్టుకుని పల్లకి చూడటానికి ఆళ్లగడ్డ పోయింది. కంకి పాలుపోసుకున్న జొన్నను గువ్వలకు వదిలి తాను పోలేక మంచె మీద కూర్చుండిపోయింది.

తిడుతుందని యూసుఫ్ తలవంచుకున్నాడు. నరసమ్మ తొక్కుడుపడిన శెనగను చూసింది, విమానాన్ని చూసింది, చుట్టూ ఒకసారి తిరిగింది. తోక దగ్గర గుడ్డ చిరిగి నాలుగు వేళ్లు పట్టే బొక్క పడి ఉంది. అక్కడ ఆగిపోయింది. ముఖం పాలిపోయింది.

"నేనే కొట్టినా నాయనా" అంది.

"ఏందవ్వా కొట్టింది?" అన్నాడు దేవరాజు.

"దీన్ని. గువ్వలు వాలుతాంటే ఒడిసెల తిప్పి రాయి ఇసిరినా. అదే గడియకు ఇది సద్దు లేకుండా నా నెత్తి మీదికి వచ్చ. ఇదో, తగిలిన చోటు. గాలిమోటరును కూల్చాలని కాదప్పా, గువ్వకే ఇసిరినా."

దేవరాజు నవ్వాపుకుంటూ, రాయి తగిలితే ఇంజను ఆగదవ్వా అని చెప్పబోయాడు. నరసమ్మ వినే స్థితిలో లేదు. "చేసినదాన్ని చేసినా అని చెప్పుకుంటే సగం బరువు దిగిపోతాది" అని గట్టు మీద చతికిలబడింది.

ఆ బొక్క రాయిది కాదని యూసుఫ్‌కు తెలుసు. ముళ్లకంప తోకను గీరింది అతని వెనకే, చెవి పక్కనే. అడగకుండానే లేని తప్పును నెత్తికెత్తుకున్న ముసలామె ముందు, ఉన్న తప్పును అరచేతిలో దాచుకుని నిలబడ్డాడు. సిగ్గుతో చెవులు కాలాయి. అయినా అరచేతిని ఇంకోసారి చొక్కాకు తుడుచుకున్నాడు. ఆరు నెలల బెంగుళూరు ఊరికే వస్తుందా, జన్మకు ఒకసారి వస్తుంది.

రోడ్డు మీద దుమ్ము లేచింది. జీపు. తోలుతున్నది మద్దిలేటి, పక్కన పట్టుపంచె, నుదుట ఇంత పొడుగు నామం, చేతిలో గొలుసు గడియారం, పుల్లయ్య శెట్టి. విమానం జొన్నచేల వెనక దిగిపోవడం ఆళ్లగడ్డ మిద్దెల మీదినుంచి చూశారట. రెండు మైళ్లూ గుంటలన్నీ ఎగిరెగిరి వచ్చిన శెట్టి నామం ఒక పక్కకు ఒరిగింది.

మనుషులు బతికే ఉన్నారని చూసుకున్నాక శెట్టికి కోపం రావడానికి తీరిక దొరికింది.

"ఆళ్లగడ్డ ఆళ్లగడ్డంతా మెడలు పైకెత్తుకొని నిలబడింది. అర్చకులు కూడా పైకే సూస్తాండారు. నేను పోయి ఏమని చెప్పాల? ఆకాశం నుంచి పూలు వస్తాయంటి, అవి శెనగచేలో దిగినాయని చెప్పాల్నా? గంట నాలుగైంది. నాకు ఇంగేమీ వద్దు, పేరొకటి చెప్పండి. ఎవరు చేసినారు ఇది?"

"నేనే శెట్టీ" అంది నరసమ్మ, గట్టు మీదినుంచి లేచి.

శెట్టి ఆమె చేతిలోని ఒడిసెలను, తోక మీది బొక్కను మార్చి మార్చి చూశాడు. "స్వామి పూలు మోసుకొస్తాంటే రాయి పెట్టి కొట్టినావా? మద్దిలేటీ, జీపు తిప్పు. పోలీసోళ్లను పిలుచుకొని రా."

"ఆమెకేం సంబంధం లేదు" అన్నాడు దేవరాజు. అంతవరకు జేబులో ఉన్న చేతులు బయటికి వచ్చాయి. "నడిపింది నేను. ఇంజను ఎందుకు ఆగిందో నాకు తెలియదు. తెలియనివాడు నడపకూడదు. తప్పు నాది. ఈ పొద్దుతో నేను మళ్లా విమానం ముట్టను శెట్టిగారూ, ఇంకెవర్నన్నా సూసుకోండి."

యూసుఫ్ ఆ ముఖం చూశాడు. ఆ మాట కోపంలో అన్నది కాదు. యుద్ధంలో బాంబులకు బెదరని మనిషి నంద్యాల గ్యాస్ నూనెకు బెదిరిపోయాడు. ఇటు ఒక ముసలామె పోలీసు ఠాణాకు పోవడానికి చీర సర్దుకుంటోంది, అటు ఒక పైలట్ తన బతుకుదెరువునే వదులుకుంటున్నాడు. తప్పు చేసినవాడొక్కడే నెత్తిన పూలు పెట్టుకుని నిక్షేపంగా నిలబడి ఉన్నాడు. ఇంకా నోరు మూసుకుంటే ఆ బెంగుళూరులో తిన్న అన్నం అరగదని అతనికి తెలిసిపోయింది.

"రాయీ కాదు, సారూ కాదు" అన్నాడు. "నేను. ఎడమ ట్యాంకులో గ్యాస్ నూనె పోసినా."

జీపు స్టీరింగు మీద చెయ్యి వేసిన మద్దిలేటి అలాగే ఆగాడు. గువ్వలు కూడా ఆగినట్టే అనిపించింది యూసుఫ్‌కు.

"ఏం నూనె?" అన్నాడు దేవరాజు.

"గ్యాస్ నూనె సార్. లాంతరులో పోస్తాం గదా, అదే. గొట్టం ఇప్పినప్పుడే తెలిసె. భయమై చెప్పలేకపోతి."

"విమానంలో కిరసనాయిలు పోసినావా? నేను గ్యాస్ గదా పొయ్యమంటి."

"గ్యాసే పోసినా సార్. మీరు రెండు డబ్బాలంటిరి, రెండు డబ్బాలే పోసినా. వడగట్టినా గూడా."

దేవరాజు నుదురు కొట్టుకున్నాడు. "గ్యాస్ అంటే పెట్రోలు అప్పా. పెట్రోలును గ్యాస్ అంటారు."

"ఎవరంటారు?" అన్నాడు శెట్టి.

దేవరాజు తెల్లబోయి చూశాడు. "అందరూ అంటారు. అస్సాంలో మేమంతా..."

"అస్సాం సంగతి అస్సాంలో. ఈడ ఎవరంటారు?" శెట్టి వెనక్కి తిరిగాడు. "మద్దిలేటీ, గ్యాస్ తెమ్మంటే ఏం తెస్తావ్?"

"సీసా ఇస్తే గ్యాస్ నూనె తెస్తానయ్యా" అన్నాడు మద్దిలేటి.

"ఏమవ్వా, నీ ఇంట్లో గ్యాస్ ఉందా?"

"దీపానికి అరసీసా ఉంది. ఏం, పోలీసోళ్లకు అది గూడా చూపీయాల్నా?" అంది నరసమ్మ.

శెట్టి మళ్లీ పైలట్ వైపు తిరిగాడు. "విన్నావు గదా. నన్నడిగినా గ్యాస్ నూనే తెద్దును. నేనుగూడా పోసుందును నీ ట్యాంకులో." అంటూనే ఆయన పొట్ట కదలడం మొదలుపెట్టింది. ముందు పొట్ట, తర్వాత భుజాలు, తర్వాత నామం. మిల్లు పెట్టిన ఇరవై ఏళ్లలో శెట్టి నవ్వగా కూలీలు చూసి ఎరగరు. మద్దిలేటికి ఏం చేయాలో తెలియక తానూ నవ్వాడు. చివరికి దేవరాజు గట్టు మీద కూర్చుని, ముక్కు చీదుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ, "నాలుగేళ్ల యుద్ధంలో నన్ను ఎవడూ కూల్చలేకపాయె యూసుఫ్. నా మాటే నన్ను కూల్చింది" అన్నాడు.

"చెప్పినవాడు ఒగటి చెప్పె, విన్నవాడు ఒగటి వినె. నా రాయికి మాత్రం పేరొచ్చె" అంది నరసమ్మ. ఆమెకు కొంచెం నిరాశ కూడా కలిగినట్టుంది.

నవ్వు ఆగాక శెట్టి గడియారం చూసుకున్నాడు. నాలుగూ పది.

"నవ్వేది వేరే, మొక్కు వేరే" అన్నాడు యూసుఫ్‌తో. "నీ బెంగుళూరు సంగతి దేవరాజు ముందే నా చెవిన వేసి పెట్టినాడు. అయిదు లోపల పూలు పడితే నువ్వు బెంగుళూరికి పో. పడకపోతే నా మిల్లు గడప తొక్కొద్దు. చేసినవాడివి నువ్వే, సరిచెయ్యి."

యూసుఫ్‌కు ప్రాణం లేచివచ్చింది. చేయకూడనిది ఏదో తెలిసిపోయాక చేయవలసినది ఎంతసేపు? ఎడమ ట్యాంకు మూత తిప్పి తీశాడు. చిన్న ఇత్తడి మూత. నేలమీద పెడితే మన్ను అంటుతుందని, పక్కన నిలబడ్డ నరసమ్మ చేతిలో పెట్టి, "పట్టుకో అవ్వా, జాగర్త" అన్నాడు.

"ముడేస్తే భయమే లేదు. ముడేసిన వస్తువు యాడికీ పోదు" అని ఆమె కొంగు కొసన రెండు ముళ్లు వేసి బొడ్లో దోపుకుంది.

ట్యాంకు కింది బిరడా తీసి, గ్యాస్ నూనెను నరసమ్మ తెచ్చిన కడవల్లోకి దించాడు. "దీపానికి మాత్రం వాడొద్దవ్వా, పెట్రోలు కలిసింది, భగ్గుమంటాది."

"ఇంజనుకు పనికిరాక, దీపానికి పనికిరాక, ఇది దేనికప్పా ఇంగ? చెదలకు పోస్తాలే."

గొట్టాలు ఊది శుభ్రం చేశాడు. ప్లగ్గులు ఇప్పి చొక్కా చెంగుతో తుడిచాడు, ఇస్త్రీ సంగతి గుర్తురాలేదు. జీపులోని పెట్రోలు డబ్బా తెప్పించి, పోసేముందు వాసన చూశాడు, పోస్తూ చూశాడు, పోశాక చూశాడు. దేవరాజు తోక బొక్కకు మందుల పెట్టెలోని అంటుపట్టీ వేశాడు. యూసుఫ్ పంకా పట్టుకుని ఒక ఊపు ఊపాడు. రెండో ఊపుకు ఇంజను గర్జించి పట్టుకుంది. జొన్నలో వాలిన గువ్వలన్నీ ఒక్కసారిగా లేచాయి.

అక్కడ కొత్త చిక్కు వచ్చింది. రేగడి నేల మెత్తన, చేను పొట్టి. ఇద్దరూ, మళ్లీ ఏరి నింపిన మూడు గంపలూ అయితే విమానం గట్టు దాటదని దేవరాజు అడుగులతో కొలిచి చెప్పాడు. గంపలు వదిలేస్తే పోయే పనే లేదు. పూలు వేయడానికి మనిషీ కావాలి. యూసుఫ్ బరువైన మనిషి. శెట్టి సంగతి అడగనక్కరలేదు. అందరి కళ్లూ జొన్నదంటు లాంటి మనిషి మీదికి తిరిగాయి.

"ఇసిరేదేనా?" అంది నరసమ్మ. "నలభై ఏండ్లుగా నేను చేసే పని అదే." తర్వాత కొంచెం గొంతు తగ్గించింది. "స్వామి ఇల్లిల్లూ పిలిచి పోతాండాడు. ఈ యేడు నేను కన్నెత్తి సూడలేదు, గువ్వలు తోలుకుంటా కూసున్నా. పైనుంచైనా సూస్తా. నా శెనగకు అదే చాలు."

"భయం లేదా అవ్వా?" అన్నాడు దేవరాజు.

"మంచె కంటే ఎత్తా?" అంది ఆమె. "సరే, నేను పోతే గువ్వలను ఎవరు తోలాల?"

ఈసారి అందరి కళ్లూ యూసుఫ్ మీదికి తిరిగాయి. నరసమ్మ ఒడిసెల అతని చేతిలో పెట్టి, "నేను వచ్చేవరకు చేను ఇడిసిపెట్టొద్దు. ఇది నీ పూచీ" అంది. తన సీటు పోయినందుకు యూసుఫ్‌కు మనసులో కలుక్కుమంది. అయినా ఆమె మీద పడబోయిన పోలీసు నీడ గుర్తొచ్చి, "నా పూచీ అవ్వా" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

శెట్టి ముందుగా పల్లకి దగ్గర ఉండాలని జీపెక్కి, మద్దిలేటిని తొందరపెట్టి వెళ్లిపోయాడు. దేవరాజు సీటులోంచి తల బయటపెట్టి అరిచాడు.

"ట్యాంకు చూసినావా యూసుఫ్?"

"మూడుసార్లు ముక్కు పెట్టి చూసినా సార్. పెట్రోలే."

"కుడిదాంట్లో పది నిమిషాలకు మించి లేదు. ఎడమదాని మీదే పోతా."

విమానం శెనగచేలో ఇందాకటి దారుల్లోనే వెనక్కి పరుగెత్తింది. గెంతింది, కూర్చుంది, ఇంకొక గెంతుకు కూర్చోలేదు. యూసుఫ్ మంచె ఎక్కి నిలబడ్డాడు. జొన్న కంకుల మీదుగా విమానం లేచి, మంచె చుట్టూ ఒక చుట్టు తిరిగింది. నరసమ్మ చెయ్యి బయటికి వచ్చింది. దోసెడు చామంతులు ఆమె చేను మీదే రాలాయి. తన చేత్తో లేపిన ఇంజను అంత హాయిగా పాడుతుంటే యూసుఫ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. బెంగుళూరు ఇంక ఎంత దూరం, రెండు మైళ్లు.

విమానం ఆళ్లగడ్డ వైపు ఒరిగింది. వాలుపొద్దు ఎడమ రెక్క మీద పడింది. ఆ రెక్క మీదినుంచి సన్నగా, తెల్లగా, తుంపరలాంటిది ఏదో వెనక్కి చెదిరిపోతోంది.

పొగ కాదు, పెట్రోలు. యూసుఫ్ చెయ్యి దానంతట అదే చొక్కా జేబులోకి పోయింది. ఖాళీ. రెండో జేబు. ఖాళీ. ముక్కుతో మూడుసార్లు చూశాడు, కంటితో ఒక్కసారి చూడలేదు.

జీపు దుమ్ము అప్పటికే రోడ్డు మలుపు దాటింది. చేలో ఇంకో మనిషి లేడు. చేతిలో ఒక ఒడిసెల, నెత్తిన ఒక పూచీ, జొన్నలో మళ్లీ వాలుతున్న గువ్వలు.

నరసమ్మ చెప్పింది నిజమే. ముడేసిన మూత ఎక్కడికీ పోలేదు. ఆమె కొంగులోనే భద్రంగా ఉండి, ఆళ్లగడ్డ మీదికి ఎగిరిపోతోంది.